ఆ సందులో ఇంకొకటి వస్తే

చిత్తూరు. జూన్ నెల. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
గేటు దగ్గర మొదలైన తోతాపురి లారీల వరస
గుడిపాల రోడ్డు మలుపు దాటిపోయింది.
రాత్రి రెండూ పదకొండుకు
తూకం ప్రోగ్రాం చచ్చిపోయింది.

కాటా మీద లారీ ఉంది,
లారీలో కాయ ఉంది,
తెర మీద మాత్రం ఒక్క అంకె లేదు.
హారన్లు. బూతులు. ఈగలు.
వాచ్‌మన్ చెంగల్రాయులు తలుపు తట్టి
"యాడో పేగు తెగిందిమా" అన్నాడు.

ఆపి, మళ్ళీ నడిపి, లారీలు కదిలాక
పేగు కోసం లోపల చూశాను.
సి భాషలో నాలుగువేల వరసలు.
పైన తొంభై రెండో సంవత్సరం, ఏకాంబరం అని పేరు.
వ్యాఖ్యలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన చిత్తూరు తెలుగు.

కంపైలరు ఒక్కో పేరుకీ మూతి తిప్పింది.
సిగ్‌హోల్డ్ పాతది, వాడొద్దు.
సిగ్‌రిల్స్ పాతది, వాడొద్దు.
సిగ్‌పాజ్,
అదీ అంతే.
రేషన్ కార్డులోంచి పేర్లు కొట్టేసినట్టు.

సిగ్‌హోల్డ్ నాకు చిన్నప్పుడే తెలుసు.
తాతయ్యగుంట పక్క సందులో పెరిగినదాన్ని.
జాతరకు చాటింపు పడిందంటే
ఊరు దాటి రాత్రి నిద్ర చెయ్యకూడదనేది మా అవ్వ.
పిలుపొస్తే రానీ, గడప అవతల కూర్చోనీ,
గంగమ్మ సాగిపోయాక పలుకుదాం.
పదిసార్లు తట్టినా
ఒక్కసారి తట్టినట్టే లెక్క.
సిగ్‌రిల్స్ ఆ తర్వాతి పొద్దు.
రిలీజ్ అనే మాటలో రెండక్షరాలు మింగేశారు,
అక్షరాలకు కూడా కరువున్న కాలమేమో.

సిగ్‌పాజ్ అంటే మా చెంగల్రాయులే.
కునుకు కుర్చీలో, చెవి గేటు మీద.

చావు వీటిల్లో లేదు.
ఇంకా పాతదాంట్లో ఉంది,
తోక లేని ఒట్టి సిగ్నల్ ఫంక్షన్‌లో.
దాని కాపలావాడు ఒక్క పిలుపుకే పలుకుతాడు.
పలికిన క్షణమే కొలువు పోతుంది.
మళ్ళీ పెట్టుకోవాలి, ప్రతిసారీ,
లోపలికి కాలు పెడుతూనే.
ఏకాంబరం పెట్టుకున్నాడు, మొదటి వరసలోనే.
పిలుపుకూ ఆ వరసకూ నడుమ
చీమ తల దూరనంత సందు.
అందులో రెండో పిలుపు దూరితే
అడ్డం పడే దిక్కు లేదు.

నిరుటి దాకా ఒకటే కాటా.
ఈ ఏడు రెండు.

ఆ వరస పక్కన అతని వ్యాఖ్య:
ఈడ సందుంది. గంగమ్మే చూసుకోవాల.

పొద్దున నంబరు పట్టుకుని ఫోన్ చేశాను.
పలమనేరులో జెరాక్స్ షాపు ఇప్పుడు.
"ఆ సందులో ఇంకొకటి వచ్చింది సార్, రాత్రి."
అవతల మిషన్ కాగితాలు కక్కుతున్న చప్పుడు.
"ఎన్నేండ్లకు?"
"ముప్పై దాటింది."
"ముప్పైయేండ్లు రాకుండా ఉన్నింది కదా" అన్నాడు.
ఎవరికో చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, మెల్లగా,
"సిగ్‌యాక్షన్ అని ఒకటుందని విన్యా పాపా.
దాని పుస్తకం మదరాసులో ఉన్నింది.
నేను ఈడ."

సిగ్‌యాక్షన్ పెట్టాను.
ఎన్ని పిలుపులకు పలికినా కొలువు వదలడు వీడు.
రెండు కాటాల మీదికి రెండు లారీలు
ఒకే ఈలకు ఎక్కించమన్నాను.
బంగారుపాళెం డ్రైవరు నన్నొకటి తిట్టి ఎక్కించాడు.
అంకెలు రెండూ వచ్చాయి.

పాత ఫంక్షన్లన్నీ తీసేశాను.
ఆ వ్యాఖ్య దగ్గర మాత్రం చెయ్యి ఆగింది.
ఉంచేసి, దాని కిందే
ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకున్నాను:
రెండు పిలుపులు కలిసి ఒకటైపోతే?
చూడాల.